ఆ రాత్రి మా ముత్తాత ఊళ్లో లేడు

1981 ఫిబ్రవరిలో నాకు మొదటిసారి జనాభా లెక్కల డ్యూటీ పడింది. టీచరుగా చేరి అప్పటికి రెండేళ్లు. తొమ్మిదో తారీఖు నుంచి నెలాఖరు దాకా పొద్దున్నే బడికి ముందు, మళ్లీ సాయంత్రం బడి వదిలాక, భుజానికి గుడ్డ సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడమే పని. సంచీలో కుటుంబ పట్టికలు, వ్యక్తి చీటీలు, కింద పెట్టుకుని రాయడానికి ఒక అట్ట, రెండు పెన్నులు. నా బ్లాకులో ఆరేడొందల మంది జనం.

అందరికంటే కష్టం ముసలమ్మలతో. మొగుడి పేరు చెప్పరు. "ఆంజనేయసామి పేరే" అని ఒకావిడ అంటుంది. ఆంజనేయులా, హనుమంతా, మారుతా? పక్కింటి పిల్లాడు కిటికీలోంచి అరిచి చెబితే రాసుకునేదాన్ని. వయసు అడిగితే నవ్వేవాళ్లు. "నువ్వే సూసి రాసుకో తల్లీ." వయసు కట్టడానికి మాకు ఒక జాబితా ఇచ్చేవారు, ఫలానా తుపాను, ఫలానా కరువు, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది అంటూ. అప్పటికి పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగి లెక్క కట్టాలి. ఎంత కట్టినా చివరికి యాభై, అరవై, అరవై ఐదు దగ్గరే తేలేది. ఇప్పటికీ ఏ పాత కాగితంలో "వయసు 40" అని కనిపించినా నేను దాన్ని ముప్పై ఐదుకీ నలభై ఐదుకీ మధ్య అనే చదువుకుంటాను.

మా బ్లాకు శాంపిల్ బ్లాకు. కాబట్టి పెళ్లయిన ఆడవాళ్లని ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సి వచ్చేది. ఎంతమందిని కన్నావు? ఎంతమంది ఉన్నారు? మొదటి రోజు ఈ రెండూ వరసగా గబగబా అడిగేశాను. ఒకామె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, మధ్యలో ఆగిపోయి, లోపలికెళ్లి నీళ్లు తెచ్చి నాకిచ్చింది. తరవాత చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆ ప్రశ్నని ఆఖరికి ఉంచుకుని, అరుగు మీద కూర్చున్నాకే అడిగేదాన్ని.

ప్రతి ఇంట్లోనూ ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పేదాన్ని. "మీరు చెప్పింది ఎవరికీ తెలీదు. పన్నులోళ్లకీ తెలీదు, పోలీసులకీ తెలీదు." ట్రైనింగులో అలా చెప్పమన్నారు, చెప్పాను. 1991లో చెప్పాను, 2001లో కూడా చెప్పాను. ఆ మాట నాకే అడ్డొస్తుందని అనుకోలేదు.

రిటైరయ్యాక సంగతి ఇది. టెక్కలి దగ్గర మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తూ మా పొలంలో ఒక చెక్క తీసుకున్నారు. ఆ చెక్క ఇప్పటికీ మా ముత్తవ్వ పేరునే ఉందని ఇంట్లో చెప్పుకునే మాట. డబ్బు రావాలంటే వంశవృక్షం రాసి ఇవ్వాలి. అక్కడ మొదలైంది గొడవ. మా అన్నయ్య ఆమె పేరు నీలమ్మ అంటాడు. చిన్నాన్న నూకమ్మ అంటారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకున్నారు. నాకు రెండు పేర్లూ తెలియవు. ఇంట్లో ఆమె అందరికీ "రంగం మామ్మ". ముత్తాత రంగంలో ఉండేవాడు కాబట్టి ఆయన రంగం తాత, ఆమె రంగం మామ్మ.

మా వైపు రంగం అంటే బర్మాలోని రంగూన్. పాత తరంలో ఏ ఇంట్లో చూసినా ఒక మగాడు రంగం వెళ్లినవాడే. ఓడరేవులో మూటలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు. అక్కడి వాళ్లు మనవాళ్లని కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. రంగం మామ్మ నాకు కొంచెం గుర్తుంది. నాకు ఐదేళ్లప్పుడు పోయింది. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. పక్కన నల్లటి లక్క పెట్టె, మూత మీద ఎర్ర గీతల పువ్వులు. అందులో వక్కలు. అది బర్మా పెట్టె అని పెద్దయ్యాక తెలిసింది.

సరే, పేరు ఎక్కడ దొరుకుతుంది? జనాభా లెక్కల్లో దొరుకుతుంది కదా అనుకున్నాను. మూడుసార్లు స్వయంగా రాసినదాన్ని, 2011లో సూపర్‌వైజర్‌ని కూడా. నేను అలా అనుకోవడమే విడ్డూరం. కానీ అనుకున్నాను, ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది.

వాళ్లు అద్దెకున్న ఇల్లు పాతది. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ల పాటు మూసి ఉంచి, ఆ తరవాత పేర్లతో సహా బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి. అమ్మాయి సరదాకి తన వీధి వెతికింది. అదే ఇంటి నంబరు. ఇటలీలో పుట్టిన ఒకాయన, ఆయన భార్య, నలుగురు పిల్లలు, ఒక బావమరిది. ఎవరు ఏ పని చేస్తారో, ఎక్కడ పుట్టారో, పెళ్లయిందో లేదో, అంతా ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటరు చేతిరాతలో. ఆ చేతిరాత చూస్తే నాకు కడుపులో ఏదో అయింది. ఎండలో తిరిగి తిరిగి సాయంత్రానికి అక్షరాలు పక్కకి వాలిపోవడం నాకు బాగా తెలుసు.

ఇక ఆ వారం రోజులూ నాకు అదే పని. 1940 కాగితాల్లో ఒక్కో ఇంట్లో ఒకరి పేరు పక్కన సున్నా చుట్టిన ఇంటూ గుర్తు ఉంటుంది. వివరాలు చెప్పింది ఆ మనిషే అని దానర్థం. ఎంత తెలివైన గుర్తో! ఇంటావిడ చెప్పిన వయసుకీ, పక్కింటివాడు చెప్పిన వయసుకీ తేడా ఉండదూ? 1900లోనూ 1910లోనూ ఆడవాళ్లని ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. నేను 1981లో మా శ్రీకాకుళం జిల్లాలో అడిగినదే! 1920 నుంచి 1940 దాకా అక్కడ మనవాళ్లని "హిందూ" అనే జాతి కింద రాసేవారు. పంజాబు నుంచి వెళ్లిన సిక్కు రైతులైనా సరే, రాత మాత్రం హిందూ. 1890 కాగితాలు చాలావరకు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో అగ్గి పుట్టి పాడయ్యాయట. అంత పెద్ద దేశానికి ఒక తరం అంతా దాదాపు కనబడకుండా పోయింది. ఇంగ్లండ్‌లో గడువు వందేళ్లు. 1921వి 2022 జనవరిలో ఇచ్చారు. వాళ్ల 1931 కాగితాలు యుద్ధకాలంలో కాలిపోయాయి.

మరి మన 1931వి? అవి కాలిపోలేదు. లెక్క అయిపోయాక పారేశారు.

పద్ధతి ఇది. ముందు ఇళ్లకి నంబర్లు వేసేవారు. ఎన్యూమరేటరు ముందుగానే ఇల్లిల్లూ తిరిగి షెడ్యూలు రాసి ఉంచుకునేవాడు. జీతం లేదు. ఎక్కువమంది బడిపంతుళ్లు, కరణాలు. తరవాత నిర్ణయించిన ఒక రాత్రి మళ్లీ తిరిగి, చనిపోయినవాళ్లని కొట్టేసి, పుట్టినవాళ్లని, చుట్టాలని చేర్చేవాడు. 1931లో ఆ రాత్రి ఫిబ్రవరి 26. 1921లో మార్చి 18. ఆ షెడ్యూళ్లలోంచి ఒక్కో మనిషి వివరాలు ఒక్కో చీటీ మీదకి ఎక్కించేవారు. మతానికో రంగు చీటీ. వాటిని గూళ్లున్న పెట్టెల్లో పేర్చి, లెక్కపెట్టి, పట్టికలు కట్టేవారు. పట్టికలు అచ్చయ్యాక చీటీలతో, షెడ్యూళ్లతో పని లేదు. మిగిలింది అంకెలు. మా ముత్తాత పేరు ఒకప్పుడు కచ్చితంగా ఎవరో పంతులు రాశాడు. ఆ కాగితం ఇప్పుడు లేదు.

స్వాతంత్ర్యం తరవాత ఇంకా గట్టి తాళం. 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు రాసిన కాగితాలు చూసే హక్కు ఎవరికీ లేదు, అవి కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. 72 ఏళ్లు, వందేళ్లు అనే గడువు కూడా లేదు. మొదట నాకు కోపం వచ్చింది. తరవాత గుర్తొచ్చింది, ఆ మాట ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది నేనే కదా. నీళ్లు తెచ్చిచ్చిన ఆ మనిషి చెప్పిన లెక్కని, రేపు వాళ్ల మునిమనవరాలు ఫోన్‌లో చూసుకుంటే నాకు సమ్మతమేనా? సమ్మతమే అనిపిస్తుంది ఒకసారి. ఆమెనడిగితే ఏమనేదో.

పేర్లు దొరక్కపోయినా అంకెలున్నాయి కదా, అవైనా చూద్దామని కూర్చున్నాను. 1871 నుంచి అచ్చయిన పాత నివేదికలు చాలావరకు స్కాన్ చేసి సెన్సస్ శాఖవారు తమ వెబ్‌సైట్లో పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. నా కళ్లకి మాత్రం ఆ పాత అచ్చు ఒక పరీక్ష.

ముందు ఊరు దొరకడానికే వారం పట్టింది. మా ఊరు ఉన్నచోటే ఉంది గానీ దాని జిల్లా మారుతూ వచ్చింది. 1931 దాకా గంజాం జిల్లాలో చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు పోయి, మా వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. కాబట్టి 1941కి ఒక జిల్లా, 1951కి ఇంకో జిల్లా. పైగా పేర్లు తెల్లవాళ్ల నోట్లో నలిగి ఉంటాయి. శ్రీకాకుళం చికాకోల్, విశాఖపట్నం విజగపటం, కాకినాడ కొకనాడా. మా ఊరి పేరుని ఎలా రాసి ఉంటారో ఊహించి, ఇంగ్లీషు అక్షరాలు నాలుగు రకాలుగా మార్చి చూశాను.

1951 జిల్లా హ్యాండ్‌బుక్కులో ఊరు ఒక వరసలో దొరికింది. ఇళ్లు ఎన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చదువొచ్చినవాళ్లెందరు. ఒక్క గీత. ఆ గీతలో మా నాన్న ఉన్నాడు, తాత ఉన్నాడు, రంగం మామ్మ ఉంది. వేలు పెట్టి చూపించగలను గానీ ఎవరు ఎవరో విడదీయలేను. చదువొచ్చిన మగవాళ్లలో ఒకడు మా నాన్న. చదువొచ్చిన ఆడవాళ్ల గడిలో మా వాళ్లు ఎవరూ లేరు.

మా ఊళ్లో ఆడవాళ్లు ఎక్కువ. ఊళ్లోనే కాదు, జిల్లా అంతటా. 2011లో కూడా శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఈ అంకె చూసి, ఆడపిల్లల్ని బాగా చూసుకునే జిల్లా అని మీటింగులో ఒకాయన అంటే తలూపాను. పాత నివేదికలు చదివాక నవ్వొచ్చింది. గంజాంలో మగవాళ్లు తక్కువ ఎందుకంటే రంగంలో ఉన్నారు. ఆ తరవాత ఖరగ్‌పూర్, భిలాయ్, చెన్నై, గుజరాత్ రేవులు. మగవాడు లేని ఇల్లు మా జిల్లాలో నూరేళ్ల పాత సంగతి.

లెక్కపెట్టే పద్ధతిలోనే ఒక కిటుకు ఉంది. 1931 దాకా ఆ రాత్రి మనిషి ఎక్కడుంటే అక్కడే లెక్క. ఇల్లు ఎక్కడని కాదు, పడుకున్నది ఎక్కడని. మా చిన్నాన్న చెప్పే కథ ఒకటుంది. రంగంలో పెద్ద గొడవలైతే రంగం తాత పారిపోయి వచ్చాడు, సంక్రాంతి చేసుకుని మళ్లీ ఓడెక్కాడు అని. రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మీయులకీ గొడవలు జరిగింది 1930 మే నెలలో. సంక్రాంతి అంటే 1931 జనవరి మధ్య. ఓడ ప్రయాణం కొద్ది రోజులే. అంటే ఫిబ్రవరి 26 రాత్రికి ఆయన మళ్లీ రంగంలో ఉన్నాడు. అప్పటికి బర్మా కూడా ఇండియా సెన్సస్‌లో భాగమే, మద్రాసుకి ఒక సంపుటం ఉన్నట్టే దానికీ ఒక సంపుటం ఉంది. రంగూన్ నగరంలో అప్పుడు దాదాపు నాలుగు లక్షల జనం, అందులో సగానికి పైగా మనదేశం వాళ్లే. ఆ గుంపులో ఒక అంకె మా రంగం తాత. గంజాం జిల్లాలో ఒక ఊళ్లో, ఒక ఇంట్లో, మగదిక్కు లేకుండా మామ్మ. భార్యాభర్తలు రెండు సంపుటాల్లో పడ్డారు.

1941లో ఆయన ఇంకా అక్కడే. బర్మాలో ఆ ఏడు లెక్కలు తీశారు గానీ, పట్టికలు కట్టేలోపు జపాన్ వాళ్లు వచ్చిపడ్డారు. కాగితాలు యుద్ధంలో పోయాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మరుసటి ఏడు ఆయన నడిచి వచ్చాడు, కొండలూ అడవులూ దాటి. వచ్చేటప్పుడు ఆ లక్క పెట్టె తెచ్చాడని మా నాన్న అనేవారు. అన్నం లేకుండా నడిచిన మనిషి పెట్టె ఎందుకు తెస్తాడు? అది ముందెప్పుడో తెచ్చి ఉంటాడు. ఇంట్లో కథలు అన్నిటినీ ఒకే ప్రయాణంలోకి తోసేస్తాయి.

మళ్లీ పేరు సంగతికి వస్తాను. షెడ్యూలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉన్నా మామ్మ పేరు అందులో ఉండేదని నమ్మకం లేదు. ఆ కాలపు ఎన్యూమరేటర్లకి ఇచ్చిన సూచనల్లో ఒకటి ఉంది. ఆడమనిషి పేరు చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఇష్టపడకపోతే "స్త్రీ" అని రాసుకోండి అని. అది చదివి ఆ పూట ఇంక కంప్యూటర్ ముందు కూర్చోలేకపోయాను. ఈ అలవాటు అక్కడితో ఆగలేదు. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని మాత్రమే చెప్పుకున్న దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. మావాళ్లు పేరు చెప్పేవాళ్లే అనుకుంటాను, కనీసం తమది. మొగుడిదే చెప్పరు.

ఈ వెతుకులాటలో నన్ను బాగా కుదిపిన విషయం ఇంకొకటి. మా పక్క ఊరి నుంచి నూటయాభై ఏళ్ల కిందట దక్షిణాఫ్రికాకి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాడికి కాగితం ఉంటుంది. మొదటి ఓడ ట్రూరో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా లక్షన్నర మంది పైగా వెళ్లారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆ జాబితా పట్టుకుని మన ఊళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్లు కాంట్రాక్టు కూలీలు, ఎవరి సొత్తో తెలియాలి కాబట్టి రాసుకున్నారు. మా రంగం తాత మేస్త్రీ దగ్గర అప్పు చేసి టికెట్టు కొనుక్కుని తన కాళ్ల మీద తాను వెళ్లాడు. రంగం అప్పుడు మన దేశంలోనే ఉన్న లెక్క, పక్క ఊరు వెళ్లినట్టే. అందుకే ఆయన పేరు ఎవరూ రాసుకోలేదు.

కాగితాల వేట ఊళ్లోనే మొదలుపెట్టాల్సింది, ఇంత తిరిగాక తెలిసింది. 1951 లెక్కలప్పుడు ప్రతి ఊరికీ మనుషుల పేర్లతో ఒక పౌర రిజిస్టర్ కూడా రాశారు. అస్సాంలో ఎన్.ఆర్.సి. గొడవంతా ఆ పాత రిజిస్టర్ దగ్గర మొదలైనదే. మా వైపుది ఏమైందో కనుక్కుందామని ఒక ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లాను. మూడోసారికి రికార్డు గది తాళం దొరికింది. నాలుగోసారికి లోపల చెదలు దొరికాయి.

పొలం రికార్డే నయం. మాది జమీందారీ ఊరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత సర్వే చేసి, ఎవరి సాగులో ఏ చెక్క ఉందో రాసిన రిజిస్టర్‌ని సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు. ఆఫీసుల్లో ఎస్.ఎఫ్.ఎ. అంటే చాలు. అన్నయ్య దరఖాస్తు పెట్టి నకలు తెచ్చాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, తరవాత పేరు: నీలమ్మ, భర్త ఫలానా. అన్నయ్య ఆ కాగితం చిన్నాన్న ముందు పెట్టి ఒక్క మాట మాట్లాడలేదు.

చిన్నాన్న ఒప్పుకోలేదు. చిన్నప్పుడు మా తాతతో, అంటే వాళ్ల నాన్నతో, పూరీ జగన్నాథుడి దగ్గరకి వెళ్లారట. అక్కడ పండా, అంటే పూజారి, పెద్ద పుస్తకం తీసి రాసుకున్నాడు, నేను చూశాను అన్నారు. అరవై ఏళ్ల కిందటి మాట. ఎలాగూ పూరీ వెళ్లి చాలాకాలమైంది, పలాస నుంచి రైలెక్కితే సరి, వెళ్లాం. మా ప్రాంతం యాత్రికుల్ని చూసుకునే పండా కుటుంబం దొరకడానికి ఒక పూట పట్టింది. ఎర్ర గుడ్డలో కట్టిన పొడుగు పుస్తకాలు. ఒడియాలో రాత. చదవడానికి వాళ్లబ్బాయి, కళ్లజోడు పెట్టుకుని. జిల్లా, ఊరు, ఇంటిపేరు అంటూ వేలు జరుపుతూ వచ్చి ఆగాడు. మా తాత పేరు చదివాడు. తండ్రి పేరు చదివాడు. "మాతా, నూకమ్మ" అన్నాడు.

చిన్నాన్న పుస్తకానికి దండం పెట్టారు. రైల్లో తిరిగొస్తుంటే అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పారు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, కాబట్టి మాట్లాడుకోవడం మానేశారు.

ఇంట్లో కూర్చుని మళ్లీ పాత నివేదికలే తిరగేశాను. ఇప్పటి హద్దుల్లోని మన దేశం వరకు చూస్తే 1911కీ 1921కీ మధ్య జనాభా పెరగలేదు, తగ్గింది. 1901 తరవాత జనం తగ్గిన పదేళ్లు అవి ఒక్కటే. కారణం 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా. యుద్ధం నుంచి వచ్చిన ఓడలతో ఆ వేసవిలో బొంబాయిలో దిగి, వానాకాలం వెళ్లేసరికి దేశమంతా పాకింది. కోటిమందికి పైనే పోయారు. ఆ పట్టికల్లో నన్ను ఆపింది ఒక్క విషయం. పోయినవాళ్లలో ముసలివాళ్ల కంటే వయసులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇరవై ముప్పై ఏళ్ల ఆడవాళ్లు ఎక్కువ. చిన్నపిల్లల తల్లులు.

మా తాత, అంటే రంగం తాత కొడుకు, పుట్టింది 1910 ప్రాంతంలో. బడి రిజిస్టర్లో జూలై 1 అని ఉంది. దాన్ని పట్టించుకోకండి. మా తరం దాకా బడిలో చేర్చిన పంతులు రాసిన తేదీలే అందరి పుట్టినరోజులు, జూన్ 1, జూలై 1. నేనూ ఎంతమందికి అలా పుట్టినరోజులు పంచానో లెక్కలేదు. ఏది ఏమైనా 1918లో తాతకి ఎనిమిదేళ్లు. వాళ్లమ్మకి ఇరవై ఐదో, ముప్పయ్యో. రంగం మామ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్లు అంటే 1962. అప్పటికామెకి అరవై ఉంటాయేమో అంతే, జుట్టు పూర్తిగా తెల్లబడలేదు. అరవై ఏళ్ల మనిషికి యాభై రెండేళ్ల కొడుకా?

ఇంత కాలం ఈ కూడికలు తీసివేతలు ఎవరూ చేయలేదు. నేను మూడో తరగతి పిల్లలకి ఇలాంటి లెక్కలే ఇచ్చేదాన్ని.

అప్పుడు గుర్తొచ్చింది మేనత్త. మా నాన్న చెల్లెలు, తొంభై దాటింది, మెళియాపుట్టి వైపు ఇచ్చారు. వంశవృక్షం గురించి ఆడపడుచుని ఎవరడుగుతారు? అన్నయ్య అడగలేదు, చిన్నాన్న అడగలేదు, నిజం చెప్పాలంటే నేనూ ఆర్నెల్లు అడగలేదు. కంప్యూటర్లో గంజాం, రంగూన్, వాషింగ్టన్ అన్నీ తిరిగాక బస్సెక్కి అత్త దగ్గరకి వెళ్లాను.

మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అడిగాను. చేయి ఆపలేదు.

"నూకమ్మ జొరాల్లో పోనాది గదే. అప్పటికి నానకి ఎనిమిదేళ్లు. తాత రంగంలో ఉండిపోనాడు, కబురందేసరికి అన్నీ అయిపోనాయి. మరు ఏడు వచ్చి నీలమ్మని సేసుకున్నాడు. నీలమ్మకి ముగ్గురు పుట్టినారు, ఒక్కలూ నిలవలేదు. నానని ఆవిడే పెంచినాది. మీకెవులూ సెప్పలేదేటి?"

లేదన్నాను.

"మీరడగలేదు" అంది.

ముగ్గురిని కన్నది, ఎవరూ లేరు. నా 1981 చీటీలో అయితే రెండు గళ్లు: మూడు, సున్నా. నాకు గుర్తున్న మామ్మ నా రక్తం కాదు. నా రక్తమైన మామ్మ ముఖం ఎవరికీ గుర్తులేదు. 1911 మార్చి 10 రాత్రి లెక్కలో ఆమె ఒడిలో చంటిపిల్లాడితో మా ఇంట్లో ఉండి ఉంటుంది. 1921 మార్చి 18 రాత్రి అదే ఇంట్లో, అదే మంచం మీద ఇంకొకామె. పంతులు రెండుసార్లూ "స్త్రీ, వివాహిత" అని రాసుకుని ఉంటాడు.

చిన్నాన్నకీ అన్నయ్యకీ ఒకేసారి ఫోన్ కలిపి చెప్పాను. చాలాసేపు ఇద్దరూ ఏమీ అనలేదు. ఆఖరికి చిన్నాన్న "మరి ఆ పొలం చెక్క ఎవరిదిరా?" అన్నారు అన్నయ్యతో. మాట్లాడుకోవడం మొదలెట్టినందుకు సంతోషించి ఫోన్ పెట్టేశాను.

మొన్న వంశవృక్షం ఫారం నింపడానికి ఆఫీసుకి వెళ్లాం. ముత్తాత పేరు కింద "భార్య పేరు" అని ఒకే గడి ఉంది. రెండు పేర్లు రాశాను, నూకమ్మ, నీలమ్మ. గుమస్తా కుర్రాడు చూసి, ఒక్కటే రాయాలమ్మా, సిస్టం రెండు తీసుకోదు అన్నాడు. మంచివాడే, పాపం. వచ్చే జనాభా లెక్కలకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అట, ఈసారి అంతా మొబైల్ యాప్‌లో అట, తనకీ డ్యూటీ వేస్తారని టెన్షన్‌గా ఉందన్నాడు. ఎండకి గొడుగు తీసుకెళ్లమన్నాను. ముసలమ్మల్ని చివర్లో కూర్చుని అడగమన్నాను.

తరవాత కొత్త ఫారం తీసుకుని నీలమ్మ అని రాశాను. పొలం ఆమెది. ఇంటికొచ్చి, కొట్టేసిన మొదటి ఫారాన్ని మడిచి లక్క పెట్టెలో పెట్టాను.